పాప ఊపిరిలో చప్పుడు గురించి

చి.ల.సౌ. అమ్మాయిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన వీడియో మళ్లీ మళ్లీ విన్నాను. పాప ఊపిరి పీల్చేటప్పుడే కాదు, వదిలేటప్పుడూ గరగర వినిపిస్తోంది. పుట్టినప్పటి నుంచీ ఉందనీ, జలుబు లేని రోజుల్లోనూ తగ్గదనీ, నెబ్యులైజర్ పెట్టినా తేడా లేదనీ రాశావు. పిల్లల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తున్నాను. నెమ్ము అనో ఉబ్బసం అనో సరిపెట్టుకోకు. శ్వాసనాళాన్ని బయటి నుంచి రక్తనాళం ఏదైనా నొక్కుతోందేమో చూడమని డాక్టరుగారిని అడుగు.

ఇలా చప్పుడు చేసే పసిపిల్లల్లో చాలామందికి స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండడమే కారణం. అది పీల్చేటప్పుడే వినిపిస్తుంది, ఏడాది రెండేళ్లలో దానంతటదే సర్దుకుంటుంది. నేను అనుమానిస్తున్నది అరుదైనది. కడుపులో బిడ్డ రూపు కట్టే తొలి వారాల్లో గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనికి రెండు వైపులా వంపులుంటాయి. మామూలుగా ఎడమది మిగిలి కుడిది కరిగిపోతుంది. రెండూ ఉండిపోతే శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ కలిపి కడియంలా చుట్టేస్తాయి. కొందరిలో వంపు కుడివైపు ఉండి, ఎడమపక్క సన్నని పీచులాంటి కట్టు ఆ చుట్టును పూర్తి చేస్తుంది. ఇంకొందరిలో ఎడమ ఊపిరితిత్తికి వెళ్లాల్సిన ధమని కుడివైపు పుట్టి, ఈ రెండు గొట్టాల మధ్య నుంచి దూరి వెళ్తుంది.

పాలు తాగేటప్పుడు పాపను బాగా గమనించు. నాలుగు గుక్కలు తాగి, వదిలేసి, మెడ వెనక్కి విరిచి ఊపిరి తీసుకుంటోందా? పాలు దిగేటప్పుడు అన్నవాహిక ఉబ్బి ముందున్న శ్వాసనాళాన్ని ఇంకాస్త నొక్కుతుంది. మెడ వెనక్కి వాలిస్తే గాలి కొంచెం సులువుగా ఆడుతుంది. అది మొండితనం కాదమ్మా, తల ముందుకు వంచి బలవంతంగా పట్టకు. కొద్దికొద్దిగా, ఆగి ఆగి పట్టు. చొక్కా తీసి, డొక్కలు ఎగరేయడం కనిపించేలా ఇంకో వీడియో తీసి ఉంచు. డాక్టరు దగ్గర పాప నిద్రపోతుంటే అదే నీకు సాక్ష్యం. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపో.

ఎక్స్‌రే తీస్తే ధమని వంపు ఎటువైపు ఉందో అడుగు. ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) నార్మల్ అన్నారని ఊరుకోకు. రక్తం పారని ఆ కట్టు ఎకోలో కనిపించకపోవచ్చు. సీటీ యాంజియో, అంటే మందు ఎక్కించి రక్తనాళాలు కనిపించేలా తీసే స్కాన్ అయితే చుట్టూ ఏముందో స్పష్టంగా చూపిస్తుంది. ధమని మధ్యలో దూరిన రకమైతే బ్రాంకోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూడడం) కూడా చేస్తారు, ఎందుకంటే అలాంటి పిల్లల్లో శ్వాసనాళమే పుట్టుకతో ఇరుకుగా ఉండొచ్చు.

ఆపరేషన్ మాట వింటేనే నీకు టెన్షన్ వస్తుందని తెలుసు. జంట వంపును విడదీసే ఆపరేషన్ బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1945లోనే చేశారు. సాధారణంగా ఎడమ పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి, రెండింటిలో చిన్న వంపును కత్తిరిస్తారు. గుండెను తెరవరు. ఆ మర్నాటికే చప్పుడు పోతుందని మాత్రం ఆశపెట్టుకోకు. ఇన్నాళ్లూ నొక్కుకుపోయిన గొట్టం మెత్తబడి ఉంటుంది, గట్టిపడడానికి నెలలు పడుతుంది. అంతవరకు జలుబు చేసినా జాగ్రత్తగా చూసుకోవాలి.

పిల్లల గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలతోపాటు ఎక్స్‌రే ఫిల్మూ పట్టుకెళ్లు. జన్యు పరీక్ష అవసరమా అని కూడా అడుగు, కొందరు పిల్లల్లో ఇలాంటి రక్తనాళాల తేడాకూ జన్యువుల్లోని లోపానికీ సంబంధం ఉంటుంది. అల్లుడుగారిని వెంట రమ్మను, చెప్పినవన్నీ ఒక్కదానివే గుర్తుపెట్టుకోలేవు.

మీ పెద్దమ్మ