ర్యాంకు కన్నా ముందు కాగితం: లా అడ్మిషన్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది ఆలంపూర్ దగ్గరి పల్లె. పదో తరగతి దాకా ఊర్లనే చదివి, ఇంటర్, డిగ్రీ కర్నూలులో చేసిన. ఆధార్, రేషన్ కార్డు, ఓటు అన్నీ తెలంగాణవే. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లా ప్రవేశ పరీక్ష తెలంగాణ లాసెట్ రాస్తే నన్ను లోకల్ కిందనే తీసుకుంటరు గదా?
– ఒక పాఠకుడు, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: తీసుకోరు. స్థానికతకు చూసేది ఆధార్‌లోని చిరునామా కాదు, మీరు చదివిన చోటు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి అర్హత పరీక్ష డిగ్రీ. అంటే డిగ్రీ మూడేళ్లు, దాని ముందున్న ఇంటర్ రెండో ఏడాది. మీవి ఆ నాలుగూ తుంగభద్ర అవతలివే.

అంతమాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. సీట్లలో 85 శాతం స్థానికులవి. మిగిలిన 15 శాతంలో ఇదివరకు ఆంధ్ర విద్యార్థులూ పోటీ పడేవాళ్లు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వుతో అది తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితమైంది. బయటి రాష్ట్రంలో చదివిన కాలాన్ని మినహాయించి మొత్తం పదేళ్లు తెలంగాణలో ఉన్నవారు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు ఇక్కడ నివాసమున్నవారు దీనికి అర్హులు. మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం తీసుకోండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉన్నారో అందులో ఉండాలి. ఉత్తగా 'ఈ గ్రామ వాస్తవ్యులు' అని రాసిస్తే మీ పని జరగదు.

నది ఒడ్డు ఊళ్లన్నింటికీ ఉన్న చిక్కే ఇది. హుజూర్‌నగర్, కోదాడ పిల్లలు ఇంటర్‌కు విజయవాడ పోతారు, మక్తల్ వైపు వాళ్లు రాయచూరు పోతారు. ఇంటర్ విజయవాడలో చేసి, డిగ్రీకి నల్గొండ వచ్చినవారు ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి: డిగ్రీ మూడేళ్లు ఇక్కడివి, ఇంటర్ రెండో ఏడాది అక్కడిది. ఒక్క ఏడాది తక్కువ పడింది! అయిదేళ్ల కోర్సుకైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు చూస్తారు. ఫారంలో ఏ తరగతి ఎక్కడ చదివారో ఏడాదివారీగా నింపాలి. అక్కడ ఒకటి రాసి, స్టడీ సర్టిఫికెట్లలో ఇంకోటి కనిపిస్తే సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికిపోతారు.

ఆంధ్ర లాసెట్ వేరుగా జరుగుతుంది. మీరు రెండూ రాయడం మంచిది. న్యాయవిద్యకు నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కాలేజీ అయితే చాలు, కర్నూలులో లా చదివినా న్యాయవాదిగా ఎన్‌రోల్‌మెంట్ తెలంగాణ బార్ కౌన్సిల్‌లో చేసుకోవచ్చు.

ప్రశ్న: నేను పదో తరగతి పాసై, ఇంటర్ లేకుండా, యూనివర్సిటీ పెట్టే ప్రవేశ అర్హత పరీక్ష రాసి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేశాను. 52 శాతం వచ్చింది. వయసు 38. లా చదవొచ్చా?
– ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: వయసు అడ్డు కాదు, లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. అడ్డల్లా ఆ డిగ్రీయే. కింది మెట్టు ఎక్కకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో చేసిన డిగ్రీతో లాలో చేరడానికి బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ఒప్పుకోవు. ఇంటర్ పాసయ్యాక అదే యూనివర్సిటీలో చేసినవారికి ఈ ఇబ్బంది లేదు. దూరవిద్యలో చదవడం తప్పు కాదు, మధ్యలో ఇంటర్ లేకపోవడమే తప్పయింది.

మీ ముందున్న దారి ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పూర్తిచేసి, దాని మీద అయిదేళ్ల కోర్సుకు రాయడం. పదో తరగతి ఉంది కాబట్టి ఆ ఇంటర్ చెల్లుతుంది. కాలం ఎక్కువ పడుతుంది నిజమే. కానీ ఏ కన్సల్టెన్సీ వాడో 'సీటు ఇప్పిస్తం, తర్వాత చూస్కుందాం' అంటే డబ్బు కట్టకండి. చదువు మొత్తం అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోతే ఆ ఏళ్లు తిరిగిరావు.

ప్రశ్న: నాకు డిగ్రీలో 44.6 శాతం. ఓసీ. అప్లై చేయాలా వద్దా?
– మిర్యాలగూడ

జవాబు: చేయండి. ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. అర శాతం లోపు తక్కువైతే సరిపెడతారు, 44.5 దాటితే 45గా లెక్కిస్తారు. అయితే ఆ శాతం అన్ని పార్టులూ కలిపిన మొత్తం మీద రావాలి, ఆప్షనల్స్ ఒక్కటే కాదు. మీ మెమోలో సీజీపీఏ మాత్రమే ఉంటే శాతంలోకి మార్చిన పత్రం యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి.

ప్రశ్న: జడ్చర్లలో ప్రైవేట్ ఉద్యోగం చేస్తున్న. హైదరాబాద్ కాలేజీలో సీటొస్తే వారానికి రెండు రోజులు పోతే నడుస్తదని తెలిసినోళ్లు అంటున్నరు. నిజమేనా?

జవాబు: ఆ రోజులు పోయాయి అనుకోండి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. సరైన కారణముంటే ఒక సబ్జెక్టులో 65 దాకా సడలిస్తారు, అదీ మొత్తం మీద 70 ఉంటేనే. సెమిస్టర్ కనీసం 15 వారాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 90 రోజులు. అందులో 63 రోజులు మీరు క్లాసులో కూర్చోవాలి. వారానికి రెండు రోజులంటే 30. సగం కూడా కాదు.

2024 సెప్టెంబర్‌లో బార్ కౌన్సిల్ కాలేజీలకు ఇచ్చిన సర్క్యులర్‌లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలని ఉంది. ఉద్యోగం చేస్తున్నదీ లేనిదీ, వేరే రెగ్యులర్ కోర్సు చదువుతున్నదీ లేనిదీ విద్యార్థి రాసివ్వాలి. ఉద్యోగి అయితే యజమాని ఇచ్చిన నిరభ్యంతర పత్రం చూపాలి. యూనివర్సిటీలో ఎంఏ చదువుతూ పక్కన లా చేద్దామనుకునేవారికీ ఇదే జవాబు: రెండు రెగ్యులర్ కోర్సులు ఒకేసారి కుదరవు. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీకి అసలు గుర్తింపే లేదు.

షిఫ్టు మార్చుకోగలిగితే సాయంత్రం క్లాసులున్న కాలేజీ వెతకండి. అక్కడా హాజరు లెక్క ఇదే. జడ్చర్ల నుంచి రోజూ రానుపోను నాలుగైదు గంటలు బస్సులోనో రైల్లోనో పోతాయి, కాబట్టి వెబ్ ఆప్షన్లలో పేరున్న కాలేజీని కాదు, బస్సు దిగాక నడిచి చేరగల కాలేజీని ముందు పెట్టండి. ఒక్క ఊరట ఉంది: మూడేళ్లలో చేయాల్సిన 12 వారాల ఇంటర్న్‌షిప్ మహబూబ్‌నగర్ కోర్టుల్లో న్యాయవాది దగ్గర చేసుకోవచ్చు.

ప్రశ్న: తెలుగు మీడియం డిగ్రీ. లాసెట్ తెలుగులో ఉంటుందా? పాత గైడ్ ఒకటి దొరికింది, సరిపోతుందా?
– సూర్యాపేట

జవాబు: ఉంటుంది, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ప్రశ్న కనిపిస్తుంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయవిద్య ఆప్టిట్యూడ్ 60. నెగెటివ్ మార్కులు లేవు గనుక ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. అర్హతకు 42 మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు ఆ పరిమితి లేదు.

గైడ్ మాత్రం తూకానికి వేయండి. 2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష సెక్షన్ 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి మారాయి. రాజ్యాంగం భాగానికి పాత పుస్తకమైనా పర్వాలేదు.

ప్రశ్న: అప్లికేషన్‌లో ఎక్కువగా ఎక్కడ తప్పులు జరుగుతాయి?
– నాగర్‌కర్నూల్

జవాబు: నెట్ సెంటర్‌లో. ముందు ఫీజు కడతారు, తర్వాత ఫారం తెరుచుకుంటుంది. ఇటీవలి ఏళ్లలో ఫీజు 900, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 600 రూపాయలు. ఫీజు కట్టేటప్పుడే మూడేళ్లదా, అయిదేళ్లదా, కేటగిరీ ఏది అన్నది మీ కళ్లతో చూసుకోండి, పక్కవాడికి వదిలేయకండి. పేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. మొబైల్ నంబరు సెంటర్ వాడిది ఇస్తే కౌన్సెలింగ్ నాటి ఓటీపీలు అతనికే పోతాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే కొత్త ఆదాయ ధ్రువపత్రం తీయించండి. ఎస్సీ, ఎస్టీలకు ఏటా 2 లక్షల లోపు, బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఆదాయం ఉండాలి. దీనికి హాజరు 75 శాతం, పరీక్షకు కావాల్సిన దానికన్నా ఎక్కువ. చివరిగా టీసీ. బకాయి ఉందని డిగ్రీ కాలేజీలో ఆపేసి ఉంటే సీటు అలాట్‌మెంట్ వచ్చాక పరిగెత్తడం కష్టం. రిపోర్టింగ్‌కు ఇచ్చే గడువు కొద్ది రోజులే, కాబట్టి పరీక్ష రాసిన వారంలోనే వెళ్లి తెచ్చుకోండి.