కుట్టు దగ్గర రంధ్రం పడింది... మళ్లీ ఆపరేషన్‌కు తొందరపడాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర పల్లె. మా బాబుకు నాలుగేళ్లు. పుట్టుకతోనే మూత్ర రంధ్రం అంగం చివర కాకుండా కింది వైపు ఉంటే మూడు నెలల క్రితం ఆపరేషన్ చేయించాం. ట్యూబు తీసిన వారానికి కుట్టు పక్కన ఇంకో చిన్న రంధ్రం కనిపించింది. ఒంటికి వెళ్లినప్పుడు ముందు నుంచి ఒక ధార, కింది నుంచి మరొకటి వస్తున్నాయి. ఆరు నెలలు నిండాక మళ్లీ ఆపరేషన్ చేసి, వృషణం చుట్టూ ఉండే పొరతో కప్పుతామన్నారు. అంతవరకు ఆగవచ్చా? ఆ పొర తీస్తే రేపు వాడికి పిల్లలు పుట్టరేమోనని మా అమ్మ భయపడుతోంది. తాను సరిగా చూసుకోలేదని నా భార్య ఏడుస్తోంది.

జవాబు: ముందుగా మీ భార్యకు ఈ మాట చదివి వినిపించండి. ఆమె ఏదో చేయడం వల్లో, చేయకపోవడం వల్లో ఈ రంధ్రం పడలేదు. మూత్ర రంధ్రం ఇలా కింది వైపు ఉండటాన్ని హైపోస్పేడియాస్ అంటాం. దానికి చేసే ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందుల్లో ఇదే ముఖ్యమైనది. దీన్ని ఫిస్టులా అంటాం. కొత్తగా మలిచిన మూత్రనాళం మీద చర్మం చాలా పలుచన. కుట్టులో ఒక్క చోట రక్తప్రసరణ తగ్గినా, అక్కడి నుంచి మూత్రం దారి చేసుకుని బయటికి వస్తుంది.

ఆరు నెలలు ఆగమన్న మీ సర్జన్ మాట సరైనదే. ఇప్పుడు అక్కడి కండ వాచి, గట్టిపడి ఉంటుంది. దాని మీద వేసిన కుట్టు నిలవదు. మచ్చ మెత్తబడి, రక్తనాళాలు మళ్లీ అల్లుకోవడానికి వ్యవధి కావాలి. చాలా చిన్న రంధ్రాలు కొన్ని ఈలోపు వాటంతట అవే పూడుకుపోతాయి కూడా. ఇది అందరికీ జరుగుతుందని చెప్పలేను, కానీ ఆగడం వల్ల మీ బాబుకు నష్టం లేదు.

అయితే ఆగే రోజుల్లో ఒక విషయం గమనించాలి. ముందు నుంచి వచ్చే ధార ఎలా ఉంది? దారంలా సన్నగా వస్తోందా? బాబు ముక్కుతూ, ముఖం ఎర్రబడేలా బలం పెడుతున్నాడా? వ్యవసాయం చేసేవారికి ఇది చెప్పనక్కరలేదు: తూము పూడుకుపోయిన మడికి గట్టు ఎన్నిసార్లు వేసినా గండి పడుతూనే ఉంటుంది. చివరి ద్వారం ఇరుకైతే రంధ్రం మూసిన చోటే మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే ముందున్న దారి సాఫీగా ఉందో లేదో చూడకుండా రంధ్రం మాత్రమే కుట్టడం నాకు సమ్మతం కాదు. ఆపరేషన్ బల్ల మీద నాళంలోకి రంగు నీళ్లు ఎక్కించి, కంటికి ఆనని రెండో రంధ్రం ఉందేమో కూడా చూస్తారు.

ఇక పొర సంగతి. రంధ్రం మూసి, దాని మీదే చర్మం కుట్టేస్తే రెండు కుట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. మూత్రం మళ్లీ అదే దారి వెతుక్కుంటుంది. మధ్యలో ప్రాణమున్న పొర ఒకటి పరిస్తే ఆ దారి తెగుతుంది. పాదు నుంచి తీగను తెంచకుండా పక్క పందిరి మీదికి మళ్లించినట్టు, ఆ పొరను దాని రక్తనాళంతో సహా జరిపి తెస్తారు. దీన్నే ఫ్లాప్ అంటారు. చర్మం కింద ఉండే డార్టోస్ పొర సరిపడా ఉంటే అదే వాడతారు. మొదటి ఆపరేషన్‌లోనే అది వాడేసి ఉన్నా, అక్కడంతా మచ్చలున్నా వృషణం చుట్టూ ఉండే ట్యునికా వెజైనాలిస్ పొరను ఎంచుకుంటారు. దానికి మంచి రక్తప్రసరణ ఉంటుంది, పాత మచ్చల ఛాయ ఉండదు.

మీ అమ్మగారి భయానికి జవాబు ఇది: ఆ పొర వృషణానికి కప్పిన తొడుగు మాత్రమే. వీర్యకణాలు తయారయ్యే భాగాన్ని, వాటిని మోసే గొట్టాన్ని ముట్టుకోరు. కొద్ది రోజులు వృషణాల సంచి వాచవచ్చు, అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చు. పొరను సరిపడా పొడవు వదులు చేయకపోతే అంగం ఒక పక్కకు మెలితిరిగే అవకాశం ఉంది. అందుకే ఈ పనిలో చేయి తిరిగిన పీడియాట్రిక్ సర్జన్ లేదా పీడియాట్రిక్ యూరాలజిస్టు చేయాలి. విశాఖ కేజీహెచ్‌లో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఫ్లాప్ వేసినా మళ్లీ రంధ్రం పడదని హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ అవకాశం మాత్రం బాగా తగ్గుతుంది.

జ్వరం, మూత్రంలో మంట, చీము, మూత్రం ఆగిపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆరు నెలల లెక్క పక్కనపెట్టి వెంటనే వెళ్లండి.

అంగన్‌వాడీలో తోటి పిల్లల ముందు బాబును చిన్నబుచ్చకుండా చూడమని టీచరుకు ఒక మాట చెప్పండి. నిక్కరు తడిస్తే ఇంట్లో కోప్పడవద్దు. వాడి చేతుల్లో ఏమీ లేదు.

వచ్చేసారి సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. ఏ పొర ఇప్పటికే వాడారో అందులో రాసి ఉంటుంది. బాబు ఒంటికి వెళ్లేటప్పుడు ధారను ఫోనులో వీడియో తీసి చూపించి, ఆ వెంటనే తొలగించండి. ఆస్పత్రిలో కొత్త మనుషుల ముందు పిల్లలు బిగుసుకుపోతారు. ధార ఎలా వస్తోందో ఇంట్లో తీసిన ఆ వీడియోలోనే సరిగా తెలుస్తుంది.