ఆకులు మీరు ఊడ్వండి, కూర దానంతటదే ఉడుకుతుంది

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలో ఉంటాం, పోయినేడాదే సొంతిల్లు కొన్నాం. అక్టోబర్ వస్తోందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. పెరడంతా ఓక్ ఆకులు, గట్టర్లు (చూరు వెంట నీళ్లు పోయే కాలువలు), చలికోట్లు దించడం, మధ్యలో బతుకమ్మ, దీపావళి. శనివారం మా ఆయనా పిల్లలూ (12, 8 ఏళ్లు) బయట పనిచేస్తుంటారు, నేను వంట ముగించుకుని వెళ్లేసరికి వాళ్లు అలసిపోయి లోపలికి వచ్చేస్తారు. సగం పని అలాగే ఉండిపోతుంది. స్లో కుక్కర్ (సన్నసెగ మీద గంటల తరబడి వండే కరెంటు కుండ) కొన్నాను కానీ డబ్బా విప్పలేదు. దాంట్లో మన వంటలు అవుతాయా?

జవాబు: అవుతాయమ్మా, బ్రహ్మాండంగా అవుతాయి. డబ్బా ఇవాళే విప్పు. నీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఏంటంటే, పని ఎక్కువై కాదు నీకీ ఇబ్బంది, వంటా బయటి పనీ రెండూ ఒకే వేళకి పడటం వల్ల. పొద్దున 10 నుంచి 1 దాకా వెలుతురు బాగుండి, చలి కాస్త తగ్గి ఉండే టైమంతా నువ్వు పొయ్యి దగ్గరే నిలబడుతున్నావు. ఆ మూడు గంటలూ నీకు తిరిగి రావాలి.

మొదటి శనివారానికి మటన్ పెట్టు. ఫ్రీజర్‌లో ఉన్న మాంసమైతే గురువారం రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చు, గడ్డకట్టిన మాంసాన్ని స్లో కుక్కర్‌లో వేయనే కూడదు, వేడెక్కడానికి చాలాసేపు పట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. శుక్రవారం రాత్రి ఉల్లిపాయలు తరిగి పెట్టుకో. రెండు పౌండ్ల ఎముకల మటన్‌కి ఉప్పు, పసుపు, కారం పట్టించి వేరే గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టు, కుక్కర్ పింగాణీ కుండలో మాత్రం వద్దు, చల్లటి కుండ వేడెక్కడం ఆలస్యమవుతుంది. శనివారం 7 గంటలకి బాణలిలో నూనె వేసి ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయేదాకా కలిపి, మాంసం వేసి దాని నీరు దిగేదాకా తిప్పు. ఈ ఇరవై నిమిషాలూ ఎగ్గొట్టకు. పచ్చి ఉల్లిపాయా పచ్చి అల్లం ముద్దా నేరుగా కుండలో పడేస్తే ఐదు గంటలు ఉడికినా ఆ వాసన పోదు, "స్లో కుక్కర్‌లో మన కూరలు బాగుండవు" అని చాలామంది అనేది ఇందుకే. తర్వాత అంతా కుండలోకి మార్చి, అరగ్లాసు నీళ్లు మాత్రం పోసి, మూత పెట్టి, "హై"లో ఐదు గంటలు. మనకి చేయి తిరిగినట్టుగా రెండు గ్లాసులు పోశావంటే పులుసు అయిపోతుంది, ఇందులో ఆవిరి బయటికి పోదు మరి. మధ్యలో మూత తీసి చూడకు, ఒక్కసారి తీస్తే పోయిన వేడి మళ్లీ రావడానికి 20 నిమిషాల పైనే పడుతుంది. గోంగూర మటన్ కావాలంటే ఆకుని విడిగా మగ్గించి చివరి అరగంటలో కలుపు. పెరుగైనా కొబ్బరిపాలైనా అంతే, ఆఖర్లోనే. అన్నం మాత్రం ఎప్పట్లాగే రైస్ కుక్కర్‌లో పెట్టుకో, స్లో కుక్కర్‌లో అది ముద్దయిపోతుంది.

7:30కి నీ చేతులు ఖాళీ. ఇక పనులు.

పన్నెండేళ్ల వాళ్లకి ఫర్నేస్ (ఇల్లు వెచ్చబెట్టే యంత్రం) ఫిల్టర్ అప్పజెప్పు. పాత ఫిల్టర్ అంచు మీద సైజు రాసి ఉంటుంది, పక్కనే ఒక బాణం గుర్తు ఉంటుంది, ఆ బాణం ఫర్నేస్ వైపు చూసేలా కొత్తది పెట్టాలి, అంతే. ముందు ఫర్నేస్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దని చెప్పు. ఎనిమిదేళ్ల వాళ్లకి బంతిపూలు. బతుకమ్మకి కోసినవి పోగా మిగిలినవన్నీ మొదటి మంచు పడకముందే కోసేయమను, తెల్లారేసరికి నల్లబడిపోతాయి. విత్తనాలకి నాలుగు పూలు ఎండబెట్టుకోండి.

మీ ఆయన ముందు చేయాల్సింది ఆకులు కాదు, బయటి కుళాయి. హోస్ ఊడదీసి, బేస్‌మెంట్‌లో ఆ కుళాయికి నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి, బయటికొచ్చి కుళాయి తిప్పి లోపల నిలిచిన నీళ్లన్నీ కారనివ్వాలి. పది నిమిషాల పని. మా ఇంట్లో మొదటి ఏడాది ఇది తెలియక హోస్ అలాగే వదిలేశాం, జనవరిలో గోడ లోపల పైపు పగిలి బేస్‌మెంట్ కార్పెట్ మొత్తం తీసి పారేయాల్సి వచ్చింది. ఆ తడి వాసన నాకిప్పటికీ గుర్తుంది.

ఆకుల విషయానికొస్తే, ప్రతి ఆకూ ఊడ్చాలని పట్టుదల వద్దు. పలచగా పడినవాటి మీద మోవర్ (గడ్డి కోసే యంత్రం) తోలేస్తే తునకలై గడ్డికే ఎరువవుతాయి. దట్టంగా పడినవే టార్ప్ (పెద్ద పట్టా) మీదికి లాగి ఒక పక్కకి చేర్చండి. ఓక్ చెట్లు నవంబర్ చివరిదాకా రాలుస్తూనే ఉంటాయి కాబట్టి గట్టర్లు అప్పటిదాకా ఆపి ఒకేసారి తీయించండి, రెండంతస్తుల ఇల్లయితే డబ్బిచ్చి మనిషిని పిలవండి. నిచ్చెన ఎక్కి ఆదా చేసేదేమీ లేదు. అలాగని పూర్తిగా వదిలేయకండి, గట్టర్ నిండితే నీళ్లు పునాది పక్కనే కారి బేస్‌మెంట్‌లోకి వస్తాయి.

ప్రశ్న: నేను స్లో కుక్కర్‌లో కందిపప్పు, టమాటా, చింతపండు అన్నీ ఒకేసారి వేసి ఆఫీసుకి వెళ్లాను. ఎనిమిది గంటలైనా పప్పు పలుకులుగానే ఉంది. కుక్కర్ పాడైందా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: కుక్కర్ బాగానే ఉంది బాబూ, పులుపు ముందే పడింది. పులుపు తగిలిన పప్పు మెత్తబడదు. పప్పు ఉడికాకే టమాటా, చింతపండు వేసి ఇంకో అరగంట ఉంచండి, తాలింపు పొయ్యి మీద విడిగా పెట్టి పైన పోయండి. నన్నడిగితే ఒట్టి పప్పుకి ప్రెషర్ కుక్కరే మేలు, పావుగంటలో అయిపోయేదానికి ఎనిమిది గంటలెందుకు?

ప్రశ్న: మా అత్తయ్యగారు ఖమ్మం నుంచి వచ్చి మా దగ్గర మిషిగన్‌లో ఉన్నారు. పొద్దున పెట్టి సాయంత్రందాకా వదిలేసే వంటేంటమ్మా, అది తింటే అరుగుతుందా అంటారు. ఆకులు ఊడుస్తానని కూడా బయల్దేరుతున్నారు, వద్దంటే నొచ్చుకుంటున్నారు. ఏం చేయను?

జవాబు: అత్తయ్యగారికి దాలిగుంట గుర్తుచేయమ్మా. పిడకల సెగ మీద పొద్దున కుండలో పాలు పెడితే సాయంత్రానికి ఎర్రగా, చేతి మందాన మీగడతో ఉండేవి కదా, ఇదీ ఆ నిదానపు సెగే, పిడకల బదులు కరెంటు. దీన్ని కనిపెట్టిన చికాగో ఇంజనీరు ఇర్వింగ్ నాక్సన్‌కి కూడా ఆలోచన అమ్మ చెప్పిన పాత కబురు నుంచే వచ్చింది. యూదులు శనివారం నిప్పు ముట్టించరు, అందుకని లిథువేనియాలో యూదు ఆడవాళ్లు శుక్రవారం సాయంత్రమే మాంసం, గింజల కుండలు బేకరీ పొయ్యిలో పెట్టి మర్నాటిదాకా వదిలేసేవాళ్లట. 1940లో ఆయనకి పేటెంట్ వచ్చింది.

ఆమె చేతే ఉలవచారు పెట్టించు, నమ్మకం దానంతటదే కుదురుతుంది. గ్లాసు ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఆరేడు గ్లాసుల కొత్త నీళ్లతో ముందు ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. కట్టు వడగట్టి, గుప్పెడు ఉలవలు మెదిపి అందులో కలిపి స్లో కుక్కర్‌లో "హై"లో పెట్టండి. మూడు గంటల తర్వాత చింతపండు, ఉల్లిపాయ ముక్కలు, కారం వేసి, ఆఖరి గంటన్నర మూత ఓరగా పెడితే చిక్కబడుతుంది. మిగిలిన ఉలవలు గుగ్గిళ్లు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పచ్చి రాజ్మాని ఎప్పుడూ నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. ఆ గింజల్లో ఉండే విషపదార్థం తెర్లే నీళ్లలోనే పోతుంది, స్లో కుక్కర్ సన్నసెగకి పోదు, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది కూడా. వాంతులు పట్టుకుంటాయి. ఐదు గంటలు నానబెట్టి, నీళ్లు మార్చి, పొయ్యి మీద అరగంట తెర్లనిచ్చాకే కుండలోకి.

ఇక ఆకుల సంగతి. వద్దనకు, పొడి రోజున ఎండ వచ్చాక, మంచి బూట్లు తొడిగి, వాకిలి ముందు సిమెంటు మీద ఊడ్వమను. తడి ఓక్ ఆకు అరటితొక్కంత జారుడు, కాబట్టి మెట్లూ వాలుగా ఉన్న చోటూ మీరు చూసుకోండి.

ప్రశ్న: కరివేపాకు కుండీ ఎప్పుడు లోపల పెట్టాలి?

జవాబు: రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగకముందే. ఆకుల అడుగున పురుగు లేకుండా కడిగి, దక్షిణం కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు తగ్గించండి. డిసెంబర్‌లో ఆకంతా రాల్చేస్తే చచ్చిపోయిందని పారేయకండి. గోటితో కాండం గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ఏప్రిల్‌లో చిగురేస్తుంది.