పాత వెబ్లీ రివాల్వర్‌కు ఎంత ఇవ్వొచ్చు?

మిర్యాలగూడలో తెలిసినవాళ్ల తాతగారి .32 వెబ్లీ (బ్రిటిష్ కంపెనీ తుపాకీ, .32 అంటే అంగుళాల్లో తూటా కొలత) అమ్మకానికి వచ్చింది, అడిగే ధర న్యాయమేనా అని మీరడిగారు. ముందు లైసెన్సు పుస్తకంలోని నంబరు, ఆయుధం మీది నంబరు కలవాలి. కలవకపోతే ఊరికే ఇచ్చినా ముట్టుకోవద్దు.

లైసెన్సున్న డీలరు దగ్గర ఖాళీ చేయించి చూడండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, హ్యామర్‌ను (వెనకనుండి తూటాను పేల్చే సుత్తి) బొటనవేలితో మెల్లగా దించాక సిలిండర్‌ను (తూటాలు పెట్టే చక్రం) కదిపించండి. బాగా ఊగితే లోపల అరిగినట్టే. వెబ్లీ మధ్యకు మడిచి తెరుచుకునే రకం, ఆ కీలు వదులైందేమో చూడాలి. బ్యారెల్‌లో తుప్పు గుంటలుంటే ధర గట్టిగా తగ్గించమనండి. పైన తళతళ మెరుస్తున్నా, చెక్కిన అక్షరాల అంచులు అరిగి ఉంటే సానపట్టి మళ్లీ రంగు వేశారన్నమాట. నేనైతే వెలిసిన అసలు రంగుకే ఎక్కువిస్తాను.

1980ల నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగింది. అడిగే సొమ్ములో చాలా భాగం ఆ కొరతదే. మీకు కావాల్సింది ఆత్మరక్షణకే అయితే కాన్పూరు ఆయుధ కర్మాగారం కొత్త .32 ధర కనుక్కోండి, అంతకు మించొద్దు.

మీకూ లైసెన్సుండాలి. 1959 ఆయుధ చట్టం ప్రకారం అమ్మేవారు కలెక్టరుకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. అప్పటిదాకా పూర్తి సొమ్ము చేతిలో పెట్టకండి.