డబ్బు బాగా గెలిచినా కెంటకీ డెర్బీ జాబితాలో 23వ స్థానమేనా?

మీ గుర్రం గెలుపులు చాలావరకు మైలు లోపు రేసుల్లోనివై ఉంటాయి. మూడేళ్ల గుర్రాలు పరిగెత్తే ఈ అమెరికా రేసుకి 2013 నుంచి ఎంపిక, అర్హత రేసుల్లో వచ్చే పాయింట్లతోనే. అమెరికాలో అలాంటి పొట్టి (స్ప్రింట్) రేసులకు అవి రావు. ప్రైజ్‌మనీ చూసేది పాయింట్లు సమానమైతేనే.

1. ఫ్లోరిడా డెర్బీ, బ్లూ గ్రాస్, వుడ్ మెమోరియల్ లాంటి చివరి అర్హత రేసుల్లో మొదటి ఐదు స్థానాలకు మామూలుగా 100-50-25-15-10 పాయింట్లు. అక్కడ ఎన్నోది వచ్చిందో చూడండి.

2. ఆడగుర్రమైతే ఓక్స్ (ఆడగుర్రాల రేసు) పాయింట్లు డెర్బీకి కలవవు.

3. అందరూ వదిలేసేది ఇదే: 23 అంటే ఛాన్స్ పోయినట్టు కాదు. పై వరుసలో గాయపడినవి, డెర్బీ తర్వాత వచ్చే ప్రీక్‌నెస్ రేసుకి దాచుకున్నవి, ట్రిపుల్ క్రౌన్ (డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడు రేసుల సిరీస్) నామినేషన్ లేనివి కొట్టేసి మళ్లీ లెక్కపెట్టండి. మొత్తం 20 చోట్లలో జపాన్, యూరప్ గుర్రాలకు కేటాయించినవి పోగా మిగిలిన వాటిలోకి వస్తే చోటు ఉన్నట్టే.

4. అప్పటికీ బయటే ఉంటే వెయిటింగ్‌లో నాలుగింటికి చోటుంటుంది. రేసు ముందురోజు శుక్రవారం ఉదయం స్క్రాచ్ (గుర్రాన్ని రేసు నుంచి తప్పించే) గడువు దాకా, అంటే మనకు సాయంత్రం దాకా, ఆశ వదలొద్దు. 2022లో రిచ్ స్ట్రైక్ అలాగే ఆఖరి నిమిషంలో లోపలికొచ్చి 80-1 పందెం ధరతో గెలిచింది.