వ్యాక్యూమ్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ చూస్తాను. మా అబ్బాయి శ్రీకాకుళంలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ఈమధ్య వాడి నోట వ్యాక్యూమ్ తప్ప ఇంకో మాట లేదు. పైచదువూ అందులోనే అంటున్నాడు. 'ఏటీ లేనిదాని గురించి చదివితే ఏటొస్తాది?' అని మా బావ నవ్వుతున్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. – ఒక తండ్రి, పలాస

జవాబు: మీ బావగారిని తప్పుపట్టలేం. శూన్యం, అంటే గాలి కూడా లేని ఖాళీ (మీవాడి వ్యాక్యూమ్ అదే), అనేదే ఉండదని అరిస్టాటిల్ అంతటివాడే అన్నాడు. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లి పాదరసం గొట్టాన్ని బోర్లించి, పైన మిగిలిన ఖాళీని చూపించేదాకా ఆ మాటే చెల్లింది. తర్వాత జర్మనీలోని మాగ్డెబర్గ్ మేయర్ ఒట్టో ఫాన్ గెరిక్ రెండు లోహపు అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేసి, చెరో పక్కా ఎనిమిదేసి గుర్రాలతో లాగించాడు. విడదీయడం గుర్రాలకే గగనమైంది. మన మేయర్లూ ఇలాంటివి చేస్తే మున్సిపల్ మీటింగులకు జనం ఎగబడతారు!

మీ సెక్షన్‌లో జీడిపప్పు పౌచ్ ఇటుకలా బిగుసుకునేదీ ఇందుకే. లోపలి గాలి తీసేశాక చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో చొప్పున బయటి గాలి నొక్కుతుంది. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి పప్పు త్వరగా ముక్కిపోదు.

ఇంకోటి ఇంట్లోనే చూడండి. సూది తీసేసిన సిరంజిలోకి అరవై డిగ్రీల వేడినీళ్లు కొంచెం పీల్చి, గాలి బుడగ లేకుండా చూసుకుని, చేతికి గ్లవ్ వేసుకుని మూతి మూసి, పిడిని గట్టిగా వెనక్కి లాగమని మీవాడికి చెప్పండి. పొయ్యి లేకుండానే నీళ్లు మరుగుతాయి. ఒత్తిడి అయిదో వంతుకు పడితే ఆ వేడే చాలు. ఎక్కువ వేడికి పాడయ్యే మందులను తక్కువ వేడిలో ఆరబెట్టేదీ ఈ సూత్రంతోనే. పైడిభీమవరం ఫార్మా కంపెనీలకు వ్యాక్యూమ్ పంపుల సంగతి తెలిసినవాళ్లు కావాలి మరి.

అసలు కష్టమంతా లీకులతోనే. గాలి తోడేసిన పెట్టె (ఛాంబర్) బయట అతుకుల దగ్గర హీలియం చల్లుతూ పోతారు. చిన్న సందు దొరికినా అది లోపలికి దూరిపోతుంది, దాన్ని పసిగట్టే యంత్రం కూత పెడుతుంది. లోపలి గోడ మీద వేలిముద్ర పడినా చాలు, దాని జిడ్డు నుంచి వాయువులు వస్తూనే ఉంటాయి. అందుకే గ్లవ్స్ లేనిదే ముట్టుకోనివ్వరు. ఇంత ఓపిక మీవాడికి ఉందో లేదో చూడండి, మార్కుల సంగతి తర్వాత.

డిగ్రీలో వ్యాక్యూమ్ అని విడిగా కోర్సు వెతక్కండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయించండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఐఐటీలకైతే జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయాలి. చేరేముందు ఒక్కటి అడగండి: ల్యాబ్‌లో పంపులు, ఒత్తిడి కొలిచే గేజ్‌లు విద్యార్థుల చేత నడిపిస్తారా, బీరువాలో చూపిస్తారా? ఎమ్మెస్సీ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్, గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ, ఇస్రో, పంపులు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. మహారాష్ట్రలోని హింగోలిలో గురుత్వాకర్షణ తరంగాలను పట్టే కేంద్రం లైగో రాబోతోంది. నాలుగేసి కిలోమీటర్ల గొట్టాల్లో గాలి లేకుండా చూడటమే అక్కడ పెద్ద పని.

జామ్ పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. పేపర్ ఇంగ్లిష్‌లోనే వస్తుంది. తెలుగు మీడియంలో చదివినవాడైతే పాత పేపర్లు ఈ వేసవిలోనే మొదలెట్టించండి.