స్ప్రింగును సగానికి కోస్తే ఎందుకు గట్టిపడుతుంది?

స్ప్రింగును సగానికి కోస్తే దాని బల స్థిరాంకం (అంటే ఒక మీటరు సాగడానికి ఎంత బలం కావాలో ఆ లెక్క) రెట్టింపవుతుందని పుస్తకంలో చదివానని, ఉక్కూ తీగ మందమూ మారనప్పుడు అదనపు బలం ఎక్కడిదని మీరు అడిగారు. నేను హైదరాబాద్‌లో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్ర ప్రయోగాలు చేయిస్తుంటాను. ఈ ప్రశ్న అడిగే విద్యార్థి దొరికితే నాకు ఎంతో సంతోషం. సూత్రంలో అంకెలు వేసి మార్కులు తెచ్చుకోవడానికి ఈ సందేహంతో పనిలేదు. స్ప్రింగు లోపల ఏం జరుగుతోందో ఊహించుకున్నవారికే ఇది వస్తుంది.

అదనపు బలం ఏదీ రాలేదు. అరకిలో బరువు వేలాడదీస్తే చుట్లన్నీ దాన్ని పంచుకుంటాయని చాలామంది అనుకుంటారు. పంచుకోవు. స్ప్రింగు సొంత బరువును పక్కన పెడితే, పై చుట్టయినా కింది చుట్టయినా మొత్తం అరకిలోనూ మోయాల్సిందే. అందుకే అన్నీ ఒకే మేర సాగుతాయి. స్కేలు మీద మనం చదివేది ఆ చిన్న చిన్న సాగుదలల మొత్తం. చుట్లు సగమైతే సాగుదలా సగమే. అదే బలానికి సగమే సాగితే స్థిరాంకం రెట్టింపైనట్టే కదా! ఆ స్థిరాంకం ఉక్కు లక్షణం కాదు, మీ చేతిలో ఉన్న ఆ ముక్క లక్షణం.

ఉక్కు లక్షణం ఎక్కడ కనిపిస్తుందంటే, ఒక్కో చుట్టు ఎంత సాగుతుందన్న దగ్గర. నాకు అన్నింటికన్నా ఇష్టమైన విషయం ఇదే. స్ప్రింగును లాగినప్పుడు తీగ పొడవు దాదాపు పెరగదు. తడి బట్టను పిండినట్టు తీగ తన అక్షం చుట్టూ మెలి తిరుగుతుంది. కాబట్టి ఇక్కడ లెక్కకు వచ్చేది పొడవునా లాగితే లోహం ఎంత ఎదురిస్తుందో చెప్పే యంగ్ గుణకం కాదు, మెలిపెడితే ఎంత ఎదురిస్తుందో చెప్పే దృఢతా గుణకం. ఉక్కుకు అది సుమారు 80 గిగాపాస్కల్. స్ప్రింగు స్థిరాంకం తీగ వ్యాసం నాలుగో ఘాతానికి అనులోమంగానూ, చుట్టు వ్యాసం ఘనానికీ చుట్ల సంఖ్యకూ విలోమంగానూ ఉంటుంది. 1 మిల్లీమీటరు ఉక్కు తీగను 10 మిల్లీమీటర్ల సగటు వ్యాసంతో 20 చుట్లు చుడితే మీటరుకు 500 న్యూటన్లు వస్తుంది. అరకిలోకు దాదాపు ఒక సెంటీమీటరు సాగుతుంది. 10 చుట్లు మాత్రమే ఉంచితే 1000 న్యూటన్లు, సాగుదల అర సెంటీమీటరు. నాలుగో ఘాతం ఎంత బలమైనదో చూడండి: స్ప్రింగును కోయకుండా తీగను 1.2 మిల్లీమీటర్లు చేసినా స్థిరాంకం రెట్టింపు దాటుతుంది.

సాగిన కొద్దీ వెనక్కి లాగే బలం అదే నిష్పత్తిలో పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. అణువుల మాట అప్పటికి తెలియదు. సమతాస్థితి నుంచి అణువులను కొద్దిగా జరిపితే, వాటిని వెనక్కి తెచ్చే బలం జరిగిన దూరానికి అనుపాతంలో ఉంటుంది. ఎక్కువ జరిపితే ఈ అనుపాతం చెడుతుంది. స్థితిస్థాపక అవధి దాటితే స్ప్రింగు పాత పొడవుకు తిరిగి రాదు.

మీరు స్వయంగా చేసి చూడాలనుకుంటే రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒకే రకం స్ప్రింగులు రెండు కొనండి. ఒకటి అలాగే ఉంచి, రెండోదాన్ని కోయండి. మా విద్యార్థులతో బరువు తగిలించక ముందే అంచనా రాయిస్తాను. చిన్న ముక్క బలహీనం కాబట్టి ఎక్కువ సాగుతుందనే ఎక్కువమంది రాస్తారు. స్కేలు చూశాక మొదలయ్యే వాదన ఆ రోజు పాఠమంతటికన్నా విలువైనది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. చుట్లు ఒకదానికొకటి గట్టిగా అంటుకుని ఉన్న స్ప్రింగు చిన్న బరువులకు అసలు కదలదు, చుట్టేటప్పుడే దానిలో కొంత బిగువు నిలిచిపోతుంది. అందుకని ఒక్క బరువుతో భాగహారం చేయకుండా, నాలుగైదు బరువులకు గ్రాఫు గీసి వాలు తీసుకోండి. ఇక, కోసిన కొసను కొక్కెంగా వంచితే ఒక చుట్టు దానికే పోతుంది. 10 చుట్లు 9 అవుతాయి, స్థిరాంకం రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. అది ప్రయోగంలో తప్పు కాదు, చుట్లు లెక్కపెడితే సరిపోతుంది.

రెండు ముక్కలనూ ఒకదాని కింద ఒకటి తగిలిస్తే పాత స్థిరాంకమే తిరిగి వస్తుంది. పక్కపక్కన కట్టి ఒకే బరువును మోయిస్తే మాత్రం మొదటిదానికి నాలుగు రెట్లు. ఎందుకంటే అప్పుడు అవి బరువును నిజంగానే పంచుకుంటాయి.